పాత ప్రోగ్రాం కోడ్ ముట్టకుండా కొత్త నిబంధన చేర్చడం: ఆస్పెక్ట్‌లు, రోల్‌లతో సమగ్ర మార్గదర్శి

నల్లగొండ జిల్లాలో వడ్ల కొనుగోలు కేంద్రం నడిపే ఒక సహకార సంఘం ఉందనుకుందాం. కాంటా తూకం, బస్తాల లెక్క, తేమ శాతం, ట్రక్‌షీట్, రైతుకు రావాల్సిన పైసలు, అన్నీ ఒక పాత జావా ప్రోగ్రాంలోనే నడుస్తున్నాయి. రాసినవాళ్లు దొరకరు, సోర్స్ కోడ్ లేదు, చేతిలో జార్ ఫైళ్లు (కంపైలైన జావా ప్రోగ్రాం మూటలు) మాత్రమే ఉన్నాయి. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది. ప్రోగ్రాంకు బోనస్ అనేదే తెలియదు. దీంతోపాటు సంఘం ఇంకో మాట అంటోంది: తూకం అంకెను ఎవరు మార్చినా, ఎప్పుడు మార్చినా రికార్డు ఉండాలి.

ఈ రెండు కోరికలూ ఒకే రకం కావు. తూకం మార్పుల రికార్డు ప్రోగ్రాంలో ఎక్కడెక్కడో చెదిరి ఉన్న చోట్లన్నింటికీ ఒకేలా వర్తించాలి. దానికి ఆస్పెక్ట్ (విడిగా ఒకచోట రాసి, ప్రోగ్రాంలోని ఎన్నో చోట్ల కలిపే కోడ్) సరిపోతుంది. బోనస్ అలా కాదు. కొన్ని చీటీలకే వర్తిస్తుంది, ఒక్కో చీటీకి దాని స్థితి వేరు (లెక్క కట్టారా, పంపారా, ఖాతాలో పడిందా). దానికి రోల్ (ఆ చీటీకి మాత్రమే తోడయ్యే అదనపు డేటా, పనులు) కావాలి. ఈ పనుల్లో ఎక్కువ గోల రావడానికి కారణం బోనస్ లాంటి నిబంధనను కూడా ఆస్పెక్ట్‌లోనే ఇరికించడం. కింద చెప్పే దశలు ఈ ఉదాహరణ మీద నడుస్తాయి. గద్వాల చీరల స్టాకు ప్రోగ్రాం అయినా, బత్తాయి మార్కెట్ తక్‌పట్టీల ప్రోగ్రాం అయినా క్రమం ఇదే. క్లాసులు, మెథడ్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో ఇస్తున్నాం.

1. ముందు చేతిలో ఏముందో చూడండి

ప్రోగ్రాం కొన్నప్పటి ఒప్పందం ఒకసారి చదవండి. బైట్‌కోడ్ (కంపైలైన కోడ్) మార్చడానికి, డీకంపైల్ చేయడానికి (దాన్ని తిరిగి చదవగలిగే కోడ్‌గా మార్చడానికి) అనుమతి లేకపోతే అక్కడే ఆగి, రాతపూర్వకంగా అడగాలి.

తర్వాత జార్‌ను తెరిచి నాలుగు సంగతులు రాసుకోండి.

మొదటిది, జావా వెర్షన్. జావాతో వచ్చే జావాపీ (javap) కమాండ్‌కు వెర్బోస్ ఆప్షన్ ఇస్తే మేజర్ వెర్షన్ అంకె కనబడుతుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. నడిపే జావా ఎంత కొత్తదో, ఆస్పెక్ట్‌జే (జావాలో ఆస్పెక్ట్‌లు రాసే పనిముట్టు) వీవర్, అంటే ఆస్పెక్ట్ కోడ్‌ను పాత క్లాసుల్లో కలిపే (వీవ్ చేసే) భాగం, కూడా అంత కొత్తదై ఉండాలి. జావా 17కు కనీసం 1.9.8, జావా 21కు 1.9.21 తీసుకోండి. వీవర్ పాతదైతే క్లాస్ ఫైల్ అర్థం కాక మొదట్లోనే పడిపోతుంది.

రెండోది, జార్‌కు డిజిటల్ సంతకం ఉందా అన్నది. మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో ఎస్ఎఫ్, ఆర్ఎస్ఏ ఎక్స్‌టెన్షన్ ఫైళ్లు ఉంటే ఉన్నట్టే. అలాంటి జార్‌ను ముందే వీవ్ చేసి తిరిగి కట్టేస్తే సంతకం సరిపోక సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తుంది.

మూడోది, మానిఫెస్ట్ ఫైల్‌లోని మెయిన్ క్లాస్ పేరు. దీని అవసరం నాలుగో దశలో వస్తుంది.

నాలుగోది, మెథడ్ల జాబితా. జావాపీకి ప్రైవేట్ ఆప్షన్ ఇస్తే ప్రైవేట్ మెథడ్లు, ఫీల్డులు కూడా వస్తాయి. డీకంపైలర్‌లో తూకంచీటీ క్లాసును తెరిచి, తూకం ఎన్ని చోట్ల మారుతోందో లెక్కపెట్టండి. మెథడ్ ద్వారా మారుతోందా, ఫీల్డుకు నేరుగా విలువ ఇస్తున్నారా, లేక స్క్రీన్ నుంచే డేటాబేస్‌కు ఎస్‌క్యూఎల్ అప్‌డేట్ పోతోందా? పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో మూడూ కలగలిసి ఉంటాయి.

2. పాత ఫలితాలను గట్టిగా పట్టుకోండి

ఏమీ మార్చకముందే పాత సీజన్ నుంచి ఓ 200 చీటీలు తీసి, వాటి ఇన్‌పుట్‌ను ప్రోగ్రాంలో తిరిగి నడిపి, వచ్చిన అంకెలన్నీ ఫైల్‌లో దాచండి. మామూలు చీటీలు సగం చాలు. మిగతావి వంకర చీటీలు కావాలి: తేమ సరిగ్గా 17 శాతం ఉన్నది, 17.1 ఉన్నది, మిల్లు నుంచి తిప్పి పంపిన లారీది, తరుగు తీసినది, రద్దు చేసి మళ్లీ రాసినది, బస్తాల సంఖ్య సున్నా ఉన్నది. పాత ప్రోగ్రాం తప్పు అంకె ఇస్తున్నా సరే, ఆ తప్పునే దాచండి. ఇక్కడ సరిచేయడం మొదలుపెడితే ఏ తేడా మీ మార్పు వల్ల వచ్చిందో, ఏది పాతదో తర్వాత తేలదు.

3. ఏది ఆస్పెక్ట్, ఏది రోల్

కోరికను ఒక వాక్యంలో రాయండి. ‘ఎక్కడ ఫలానా పని జరిగినా ఇది జరగాలి’ అని వస్తే ఆస్పెక్ట్. ‘ఫలానా సందర్భంలో ఈ వస్తువు ఇలా ప్రవర్తించాలి, ఇది గుర్తుంచుకోవాలి’ అని వస్తే రోల్. కాంటా దగ్గర రైతుగా నిలబడ్డ మనిషే సంఘం మీటింగ్‌లో డైరెక్టర్. మనిషి మారలేదు, ఆ చోటును బట్టి అధికారాలు, బాధ్యతలు మారాయి. రోల్ అంటే అదే: అసలు ఆబ్జెక్ట్ అలాగే ఉంటుంది, ఒక సందర్భంలో దానికి అదనపు డేటా, అదనపు పనులు తోడవుతాయి.

నిబంధనను ఆస్పెక్ట్‌లో పెడితే ఏమవుతుంది? ఆస్పెక్ట్ మామూలుగా ప్రోగ్రాం మొత్తానికి ఒకే ఒక ఆబ్జెక్ట్. దాని ఫీల్డ్‌లో ‘ప్రస్తుత బోనస్’ అని దాచితే ఒకే ప్రోగ్రాంలో రెండు చీటీలు ఒకేసారి తెరిచి రాసినప్పుడు ఒక రైతు బోనస్ ఇంకో రైతు చీటీలో కలుస్తుంది. పరీక్షలో ఒక్కో చీటీనే నడిపి చూస్తారు కాబట్టి ఇది అప్పుడు బయటపడదు. వడ్లు ముమ్మరంగా వచ్చే రోజునే బయటపడుతుంది.

4. మొదటి ఆస్పెక్ట్: చూడటం మాత్రమే

ఆస్పెక్ట్ పద్ధతిని గ్రెగర్ కిజాలిస్, జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలోని ఆయన బృందం 1997లో పరిచయం చేశారు. అక్కడే పుట్టిన ఆస్పెక్ట్‌జే ఇప్పుడు ఎక్లిప్స్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టు. మన పనికి దానిలోని లోడ్-టైమ్ వీవింగ్ బాగా పనికొస్తుంది. డిస్క్ మీది జార్ మారదు. క్లాస్ మెమరీలోకి వచ్చేటప్పుడే దానిలో అదనపు కోడ్ కలుస్తుంది.

క్రమం ఇది. ఆస్పెక్ట్ క్లాసును మామూలు జావాలో, యాట్-ఆస్పెక్ట్ అనొటేషన్‌తో రాసి, వేరే జార్‌గా కట్టండి. కంపైల్ చేసేటప్పుడు డీబగ్ సమాచారం ఉంచే ఆప్షన్ ఇవ్వండి, లేకపోతే పాయింట్‌కట్‌లో (ఏయే చోట్ల కలవాలో చెప్పే గీతలో) వాడిన ఆర్గ్యుమెంట్ పేర్లు దొరకవు. ఆ జార్‌లోని మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో ఏఓపీ ఎక్స్ఎంఎల్ (aop.xml) ఫైల్ పెట్టి అందులో మూడు సంగతులు చెప్పండి: ఆస్పెక్ట్ క్లాస్ పూర్తి పేరు, ఏ ప్యాకేజీల్లో వీవ్ చేయాలో చెప్పే ఇన్‌క్లూడ్ విత్‌ఇన్ గీతలు, వీవర్ ఆప్షన్లు. మొదట్లో వెర్బోస్, షో-వీవ్-ఇన్ఫో రెండూ ఆన్‌లో ఉండాలి.

ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. ఇన్‌క్లూడ్‌లో పాత ప్రోగ్రాం ప్యాకేజీ మాత్రమే రాస్తారు, తమ ఆస్పెక్ట్ ప్యాకేజీని రాయరు. అనొటేషన్‌తో రాసిన ఆస్పెక్ట్‌ను కూడా వీవరే పూర్తిచేయాలి, ఆస్పెక్ట్-ఆఫ్ అనే మెథడ్ దానిలో చేర్చాలి. ప్యాకేజీ జాబితాలో లేకపోతే ఆ మెథడ్ చేరదు, నడిపినప్పుడు నో-సచ్-మెథడ్ ఎర్రర్ వస్తుంది. అలాగని ఇన్‌క్లూడ్ పూర్తిగా తీసేస్తే వీవర్ లైబ్రరీలన్నింటినీ తడుముతుంది, పాత కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరుచుకోవడానికే ఎంతో సేపు పడుతుంది.

నడిపే కమాండ్‌లో జావా-ఏజెంట్ ఆప్షన్‌తో వీవర్ జార్‌ను ఇవ్వాలి. జార్ ఆప్షన్‌తో నడిపే అలవాటుంటే రెండు ఇబ్బందులు వస్తాయి. ఏజెంట్ ఆప్షన్ జార్ పేరు తర్వాత రాస్తే అది ప్రోగ్రాంకు పోయే ఆర్గ్యుమెంట్ అవుతుంది, జావా పట్టించుకోదు. ఇక జార్ ఆప్షన్ వాడినప్పుడు క్లాస్‌పాత్ ఆప్షన్‌కు విలువే లేదు, కాబట్టి మీ ఆస్పెక్ట్ జార్ కనబడదు. అందుకే రెండు జార్లనూ క్లాస్‌పాత్‌లో పెట్టి, మొదటి దశలో రాసుకున్న మెయిన్ క్లాస్ పేరుతో నడపండి. జావా 17 మీద 1.9.8 లాంటి వీవర్ వాడితే, బేస్ మాడ్యూల్‌లోని జావా-లాంగ్ ప్యాకేజీని తెరిచే యాడ్-ఓపెన్స్ ఆప్షన్ కూడా కావాలి.

ఇప్పుడు లాగ్‌లో ఏ మెథడ్‌కు ఏ అడ్వైస్ (పాయింట్‌కట్ తగిలిన చోట నడిచే ఆస్పెక్ట్ కోడ్) కలిసిందో ఒక్కో గీతగా వస్తుంది. రెండో దశ చీటీలన్నీ నడపండి. ఒక్క అంకె కూడా మారకూడదు. అది తేలేదాకా ముందుకు పోవద్దు.

5. తూకం మార్పుల రికార్డు

మొదటి దశలో తూకం మారే దారులు మూడు రకాలని చూశాం. మూడింటికీ వేర్వేరు పాయింట్‌కట్‌లు కావాలి.

మెథడ్ ద్వారా మారితే ఎగ్జిక్యూషన్ పాయింట్‌కట్. ఇది పిలిచినవాడిని వదిలి, పిలిపించుకున్న మెథడ్ లోపల కలుస్తుంది. అందుకే ఎవరు పిలిచినా పట్టుబడుతుంది. ఫీల్డుకు నేరుగా విలువ ఇస్తే సెట్ పాయింట్‌కట్. దానికి ఆర్గ్స్, టార్గెట్ జోడిస్తే కొత్త విలువ, ఏ చీటీ అన్నది రెండూ చేతికొస్తాయి. దానిమీద బిఫోర్ అడ్వైస్ (ఆ పనికి ముందే నడిచేది) పెడితే పాత విలువ ఇంకా చీటీలోనే ఉంటుంది, రెండూ కలిపి రాసుకోవచ్చు. అయితే రిఫ్లెక్షన్‌తో (నడిచేటప్పుడు ఫీల్డును పేరుతో వెతికి పట్టుకొని) విలువ పెట్టే లైబ్రరీలను ఇది పట్టుకోదు.

నేరుగా ఎస్‌క్యూఎల్ పోతుంటే కాల్ పాయింట్‌కట్. జావా సొంత క్లాసులను వీవర్ ముట్టుకోదు కాబట్టి ఎగ్జిక్యూషన్ ఇక్కడ పనిచేయదు. పిలిచే చోటే పట్టుకోవాలి. మామూలు స్టేట్‌మెంట్‌లో ఎస్‌క్యూఎల్ వాక్యం ఎగ్జిక్యూట్-అప్‌డేట్ ఆర్గ్యుమెంట్‌గానే వస్తుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో అలా రాదు. ముందే కనెక్షన్‌కు ఇచ్చేసి ఉంటారు, కాబట్టి ప్రిపేర్-స్టేట్‌మెంట్ పిలుపును కూడా పట్టుకొని ఏ స్టేట్‌మెంట్‌కు ఏ వాక్యమో గుర్తుంచుకోవాలి. డేటాబేస్ టూల్ తెరిచి బయటినుంచి అంకె మార్చేవాడిని ఏ ఆస్పెక్టూ పట్టుకోలేదు. ఆ భయం ఉంటే డేటాబేస్ ట్రిగ్గరే (మార్పు జరగగానే డేటాబేస్ తానే నడిపే కోడ్) దారి.

ఇక చెడేవి చూద్దాం.

పాయింట్‌కట్‌ను వెడల్పుగా, ‘చీటీ క్లాసులోని అన్ని మెథడ్లూ’ అని రాస్తే టు-స్ట్రింగ్ (ఆబ్జెక్ట్‌ను అక్షరాల్లోకి మార్చే మెథడ్) కూడా అందులో పడుతుంది. అడ్వైస్‌లో చీటీని లాగ్ చేస్తారు. లాగ్ చేయడమంటే టు-స్ట్రింగ్ పిలవడం, దాంతో మళ్లీ అడ్వైస్, మళ్లీ టు-స్ట్రింగ్... స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చి ప్రోగ్రాం కూలుతుంది. ‘ఆస్పెక్ట్ లోపల కాదు’ అని విత్‌ఇన్‌తో మినహాయిస్తే చాలనుకుంటారు. చాలదు, ఎందుకంటే టు-స్ట్రింగ్ కోడ్ ఉన్నది చీటీ క్లాసులో. అడ్వైస్ నడుస్తున్నంతసేపు జరిగేదంతా మినహాయించే సీఫ్లో వాడాలి. అంతకంటే పాయింట్‌కట్‌ను మూడు నాలుగు మెథడ్లకు కుదించడమే మేలు, సీఫ్లో నడిచేటప్పుడు కొంత భారం కూడా.

అరౌండ్ అడ్వైస్‌లో (అసలు మెథడ్ స్థానంలో నడిచేది) ప్రొసీడ్ పిలవడం, అంటే అసలు మెథడ్‌ను నడపమనడం, మరిస్తే అసలు మెథడే నడవదు, ఎర్రర్ కూడా రాదు. ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించమని ప్రొసీడ్‌ను రెండుసార్లు పిలిచే అలవాటు చదివే పనులకు మాత్రమే పెట్టుకోండి. చీటీ సేవ్ చేసే మెథడ్ మీద పెడితే, మొదటిసారి డేటాబేస్‌లో పడి జవాబు మాత్రమే ఆలస్యమైనా రెండో చీటీ పడుతుంది.

ఆఫ్టర్-త్రోయింగ్ అడ్వైస్ (మెథడ్ ఎక్సెప్షన్‌తో ముగిస్తే నడిచేది) ఎంత చూసినా పలకకపోతే, పాత కోడ్ ఎక్సెప్షన్‌ను లోపలే మింగి సున్నానో నల్‌నో తిప్పి ఇస్తోందని అర్థం. అలాంటి క్యాచ్ బ్లాకులను హ్యాండ్లర్ పాయింట్‌కట్ పట్టిస్తుంది, దానిమీద బిఫోర్ అడ్వైస్ మాత్రమే రాయగలం. నిజానికి ఏ పాత ప్రోగ్రాం మీదైనా మొదట ఇదొక్కటి పెట్టి వారం రోజులు లాగ్ చూడటం మంచిది. ఎన్ని తప్పులు చప్పుడు లేకుండా పోతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఒకే చోట రెండు ఆస్పెక్ట్‌లు కలిస్తే వరుస మీరే చెప్పాలి. ఆస్పెక్ట్‌జేలో డిక్లేర్ ప్రెసిడెన్స్, స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఆర్డర్ అనొటేషన్, చిన్న అంకెకు ముందు చోటు. ముందున్నది బయటి పొర అవుతుంది: బిఫోర్ అందరికంటే ముందు, ఆఫ్టర్ అందరికంటే చివర. అనుమతి తనిఖీ బయట, రికార్డు లోపల ఉంటే అనుమతి లేనివాడి ప్రయత్నం రికార్డు కాదు. అదీ కావాలంటే వరుస తిప్పండి.

పాత ప్రోగ్రాం స్ప్రింగ్‌తో రాసినదైతే స్ప్రింగ్ ఏఓపీ తేలిక, వీవర్ అక్కర్లేదు. కానీ అది ప్రాక్సీ (అసలు ఆబ్జెక్ట్ ముందు నిలబడి పిలుపులు అందుకునే ఆబ్జెక్ట్) మీద నడుస్తుంది. ఒక క్లాస్ తన మెథడ్‌ను తానే పిలుచుకుంటే ప్రాక్సీ మధ్యలోకి రాదు, అడ్వైస్ నడవదు. ప్రైవేట్, ఫైనల్ మెథడ్లూ అంతే. ఫీల్డ్ మార్పులను అది అసలే చూడలేదు. మన తూకం రికార్డుకు చాలదు.

6. బోనస్ రోల్

ముందు లెక్క. 40 కిలోల బస్తాలు 50 అంటే 20 క్వింటాళ్లు. 2024–25లో గ్రేడ్-ఏ మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు, కాబట్టి 46,400. బోనస్ 10,000. తేలిగ్గా తోచే దారి ఏమిటంటే, చీటీలోని మొత్తం() మెథడ్‌ను పట్టుకొని 56,400 తిప్పి ఇవ్వడం. అలా చేయొద్దు. అదే మెథడ్‌ను రోజువారీ రిపోర్టు, సీజన్ జమాఖర్చు, ధర సరిచూసే స్క్రీన్ అన్నీ వాడుతుంటాయి. మద్దతు ధర మొత్తం, బోనస్ మొత్తం వేర్వేరుగా చూపాల్సిన లెక్కలు. పాత అంకెను అలాగే ఉంచి, బోనస్‌ను పక్కన వేరే పద్దుగా నడపాలి.

దానికి ‘సన్నవడ్ల సీజన్’ అనే సందర్భం క్లాస్ ఒకటి, దాని లోపల ‘బోనస్‌చీటీ’ అనే రోల్ క్లాస్ ఒకటి రాయండి. రోల్‌లో ఉండేవి: అసలు చీటీ నంబరు, బోనస్ పైసల్లో (పూర్ణాంకం, డబుల్ వాడొద్దు), స్థితి, తేదీ. రేటు, సీజన్ మొదలు, ముగింపు తేదీలు కోడ్‌లో రాయకుండా టేబుల్‌లో పెట్టండి.

రోల్‌ను అసలు ఆబ్జెక్ట్‌తో ఎలా కట్టాలన్నదే ఇందులో కష్టమైన భాగం. వీక్-హ్యాష్-మ్యాప్‌లో (కీని బట్టి విలువ వెతికే జావా పట్టిక) చీటీని కీగా పెడితే అది చీటీ హ్యాష్‌కోడ్ (వెతకడానికి వాడే గుర్తింపు అంకె) మీద ఆధారపడుతుంది. ఆ హ్యాష్‌కోడ్ చీటీ నంబరు నుంచి వస్తే, సేవ్ అయి నంబరు పడగానే కీ మారిపోతుంది, రోల్ మ్యాప్‌లోనే ఉండి కూడా దొరకదు. హ్యాష్‌కోడ్ పట్టించుకోని ఐడెంటిటీ-హ్యాష్-మ్యాప్ అయితే చీటీలను వదలదు, సాయంత్రానికి మెమరీ నిండుతుంది. పైగా డేటాబేస్ నుంచి అదే చీటీని మళ్లీ చదివితే అది కొత్త ఆబ్జెక్ట్. అందుకే రోల్‌ను చీటీ నంబరుతోనే కట్టి, సొంత టేబుల్‌లో దాచండి. ఖరారు కాని చీటీలన్నింటికీ నంబరు సున్నా ఉంటుంది. వాటికి రోల్ ఇస్తే అన్నీ ఒకే రోల్‌ను పంచుకుంటాయి. ఖరారు అయ్యాకే రోల్ పుట్టాలి.

ఇంకోటి: రోల్, అసలు చీటీ రెండూ వేర్వేరు ఆబ్జెక్ట్‌లు. పాత కోడ్‌కు చీటీ ఇవ్వాల్సిన చోట రోల్‌ను ఇవ్వకండి. ఈక్వల్స్ పోలికలు, జాబితాలో వెతకడం అన్నీ తప్పుతాయి.

ఇప్పుడు రెండింటినీ కలపాలి. ఖరారుచెయ్() మెథడ్ మీద ఆఫ్టర్-రిటర్నింగ్ అడ్వైస్ (మెథడ్ సవ్యంగా ముగిశాక నడిచేది) ఒకటి, రెండు మూడు గీతలకు మించకుండా: ఇది సన్నవడ్ల చీటీ అయితే సందర్భాన్ని అడిగి రోల్ తెప్పించు, బోనస్ నమోదు చెయ్యి. లెక్కలేవీ ఆస్పెక్ట్‌లో ఉండకూడదు. అలా ఉంటేనే బోనస్ లెక్కను వీవర్ లేకుండా మామూలుగా పరీక్షించగలరు.

అడ్వైస్‌లో వచ్చిన ఎక్సెప్షన్ బయటికి పోనివ్వొద్దు. చీటీ అప్పటికే ఖరారైంది. ఆపరేటర్‌కు ఎర్రర్ కనబడితే మళ్లీ నొక్కుతాడు. ఎక్సెప్షన్‌ను అక్కడే పట్టి పెండింగ్ జాబితాలో వేయండి. బోనస్ టేబుల్‌లో చీటీ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే నంబరు రెండుసార్లు పడనివ్వనిది) తప్పనిసరి, కొన్ని ప్రోగ్రాములు రీప్రింట్‌కు కూడా ఖరారు మెథడ్‌నే పిలుస్తాయి. రోజూ కాంటా మూశాక ఒక క్వెరీ నడపండి: ఖరారైన సన్నవడ్ల చీటీల్లో బోనస్ వరుస లేనివి ఏవి?

7. ఆబ్జెక్ట్ టీమ్స్ ఎప్పుడు

పైన చేత్తో కట్టినదాన్నంతా భాషలోనే ఇచ్చేది ఆబ్జెక్ట్ టీమ్స్. బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో స్టీఫన్ హెర్మన్ నాయకత్వంలో వచ్చి, తర్వాత ఎక్లిప్స్‌లో చేరింది. సందర్భాన్ని టీమ్ అంటారు. దానిలోని రోల్ ఏ పాత క్లాసుకు చెందుతుందో ప్లేడ్-బై చెబుతుంది. పాత మెథడ్‌ను రోల్ వాడుకోవడం కాలౌట్, పాత మెథడ్ నడిచినప్పుడు రోల్ మధ్యలోకి రావడం కాలిన్. కాలిన్‌లో బిఫోర్, ఆఫ్టర్, రిప్లేస్ మూడు రకాలు. చీటీ నుంచి రోల్‌కు, రోల్ నుంచి చీటీకి మార్పిడి దానంతటదే జరుగుతుంది.

దీనిలో తప్పేవి మూడు. టీమ్‌ను యాక్టివేట్ చేయకపోతే కాలిన్ నడవదు. చేసినా మామూలుగా ఆ ఒక్క థ్రెడ్‌కే (ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పనుల్లో ఒకదానికే), ప్రింటింగ్ వేరే థ్రెడ్‌లో ఉంటే అక్కడ పనిచేయదు, అన్ని థ్రెడ్లకూ అని చెప్పాలి. రిప్లేస్‌లో బేస్ కాల్ మరిస్తే అరౌండ్‌లో ప్రొసీడ్ మరిచినట్టే. ఒక చీటీకి ఒక టీమ్ ఆబ్జెక్ట్‌లో ఒకే రోల్ ఉంటుంది గానీ, ప్రతి స్క్రీన్‌లో కొత్త టీమ్ సృష్టిస్తే ప్రతిచోటా ఖాళీ రోల్ వస్తుంది. సన్న వడ్లకే వర్తించాలంటే బేస్-వెన్ గార్డ్ వాడండి, దొడ్డు వడ్ల చీటీలకు రోల్ పుట్టే ముందే ఆగిపోతుంది.

దీనికి సొంత కంపైలర్, ఎక్లిప్స్ పనిముట్లు కావాలి. ఎక్లిప్స్ ప్లగిన్‌లనే మార్చే పనైతే ఇదే సరైనది. ఒకటి రెండు నిబంధనల కోసం సంఘం కంప్యూటర్‌లో పెట్టాలంటే మాత్రం ఆస్పెక్ట్‌జే, చేత్తో రాసిన రోల్ చాలు. తర్వాత చూసేవాడికి కూడా మామూలు జావా తెలిస్తే సరిపోతుంది.

8. పెట్టడం, తీయడం

ముందు ఒకే కౌంటర్‌లో పెట్టండి. ఏజెంట్ ఉన్న షార్ట్‌కట్, లేని షార్ట్‌కట్ రెండూ డెస్క్‌టాప్ మీద ఉండనివ్వండి. ఏజెంట్ లేకుండా తెరిస్తే పాత ప్రోగ్రాం ఉన్నదున్నట్టు నడవాలి. పాత టేబుళ్లకు కొత్త కాలమ్ చేర్చకుండా వేరే టేబుల్ పెట్టమన్నది ఇందుకే. ఏజెంట్ లేని షార్ట్‌కట్‌తో రాసిన చీటీలకు బోనస్ పడదు, వాటిని సాయంత్రం క్వెరీయే పట్టుకుంటుంది.

ఎర్రర్ రిపోర్టుల్లో ఏజేసీ, అరౌండ్-బాడీ అనే పేర్లు కనబడితే బెదరొద్దు, అవి వీవర్ చేర్చిన మెథడ్లు. వాటి కింది గీతల్లో అసలు మెథడ్ ఉంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు ఎవరో కొత్త జార్ తెచ్చి పెడతారు. అందులో ఖరారుచెయ్() పేరు మారితే పాయింట్‌కట్ దేనికీ తగలదు, ప్రోగ్రాం మాత్రం హాయిగా నడుస్తుంది. లోడ్-టైమ్ వీవింగ్‌లో అడ్వైస్ తగల్లేదన్న హెచ్చరిక కూడా వీవర్ మామూలుగా ఇవ్వదు. అందుకే నాలుగో దశలోని వీవ్ లాగ్ గీతలను ఫైల్‌లో దాచి, జార్ మారిన ప్రతిసారీ కొత్త లాగ్‌తో పోల్చండి. ప్రోగ్రాం తెరిచేటప్పుడు జార్ హ్యాష్‌ను (ఫైల్ ఏమాత్రం మారినా మారే గుర్తింపు అంకెను) సరిచూసి, తేడా ఉంటే చీటీ స్క్రీన్ తెరవనివ్వకుండా ఆపే చిన్న మెయిన్ క్లాస్ ఒకటి ముందు పెట్టండి. అది పాత మెయిన్ క్లాసును పిలిచేముందు హ్యాష్ చూస్తుంది, కొత్త జార్‌తో రెండో దశ చీటీలు నడిపి అంకెలు కలిశాకే ఆ హ్యాష్‌ను మార్చాలి.